గురువారం వ్యాన్

పాస్టరమ్మగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆవిడ తీసిచ్చిన వీడియో కిందే పని చేసుకుంటున్నాను. ఫేస్‌బుక్‌లో మా స్టడీ ప్రకటన కింద ఎవరో కొత్తావిడ, "పార్కింగ్ ఫ్రీయేనా అండీ?" అని అడిగింది. దానికి జవాబు టైప్ చేస్తుండగా పాస్టరమ్మగారి కూతురు ఫోన్ చేసింది. పొద్దున టీ పెట్టుకుని సోఫాలో కూర్చున్నారట, కప్పు చల్లారిపోయినా లేవలేదట. గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఫోన్ పెట్టేశాక, ఇంకేం చేయాలో తోచక, సగంలో ఆపిన జవాబు పూర్తి చేశాను. "ఫ్రీయేనండీ. వ్యాన్ కూడా పడుతుంది." వ్యాన్ సంగతి ఆ కొత్తావిడ అడగనే లేదు.

మెమోరియల్ సర్వీస్‌లో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. వేదిక ఎక్కి, "ఆంటీ చాలా మంచి మనిషి, నాకు చాలా సాయం చేశారు" అని చెప్పి దిగొచ్చాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువైతే, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎవరిదో ఒకరి గుట్టు బయటపడుతుందేమోనని భయం వేసింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ, చెప్పగలిగినంత మేరకు చెబుతున్నాను. ఆ వ్యాన్ ఎక్కినవాళ్ళందరినీ అడిగి, అందరూ సరేనన్నాకే రాస్తున్నాను.

నేను ఒక యూనివర్సిటీ పరిశోధనలో కోఆర్డినేటర్‌ని. మన దేశం నుంచి అమెరికాకొచ్చిన ఆడవాళ్ళ లైంగిక ఆరోగ్యం గురించిన స్టడీ అది. ఆ మాట చదవగానే మీ భుజం వెనక ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకుని ఉంటారు. ఫర్వాలేదు, అందరూ చూసుకుంటారు. నెలసరి తిప్పలు, అది ఆగిపోయాక వచ్చే తిప్పలు, కలయికలో నొప్పి, ఇన్‌ఫెక్షన్లు, భర్తకి చెప్పుకోలేనివి, డాక్టరుకి కూడా చెప్పుకోలేనివి. మనుషుల్ని ఆన్‌లైన్‌లో వెతికి పట్టుకోవడం నా పని. వాళ్ళు చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా ఆఫీసుకి స్వయంగా వచ్చి, ఒక గంట మాట్లాడి, తర్వాత నర్సు దగ్గర పరీక్ష చేయించుకోవాలి. ఇదంతా ఆన్‌లైన్‌లోనే చెప్పేస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. నొప్పి ఎందుకో తెలియాలంటే మనిషి రావాల్సిందే.

మనిషి రావడం దగ్గరే అంతా ఆగిపోయింది. తెలుగువాళ్ళ గ్రూపుల్లో, ఆవకాయ అమ్మకాలకీ వీసా ప్రశ్నలకీ మధ్య, నా ప్రకటన పెట్టేదాన్ని. పట్టుచీర కట్టుకుని నవ్వుతున్న ఒక మోడల్ ఫోటో, పక్కన మా ఫోన్ నంబరు. కొన్ని గ్రూపుల్లో గంటలోపే, "ఫ్యామిలీస్ ఉన్న గ్రూప్ మేడమ్, ఇలాంటివి వద్దు" అని అడ్మిన్లు తీసేసేవారు. తీసేయని చోట మగవాళ్ళు వచ్చి వెకిలి కామెంట్లు పెట్టేవారు. అయినా ఆడవాళ్ళు క్లిక్ చేసేవారు. ప్రశ్నలకి జవాబులిచ్చి, టైమ్ కూడా బుక్ చేసుకునేవారు. నేను గదిలో హీటర్ వేసి, బల్ల మీద టిష్యూ పెట్టె సర్ది, లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా లేచి చూసేదాన్ని. పక్కనే ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళు దిగేవారు. మాకు మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు.

వేసవిలోపు తెలుగు ఆడవాళ్ళు రాకపోతే ఆ భాగం ఆపేద్దామని మా ప్రొఫెసర్ అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ ఆపేస్తే మనవాళ్ళకి ఏ నొప్పీ లేనట్టే రేపు కాగితాల్లో మిగులుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేని మంట అది.

అలాంటి రోజుల్లో, అంతమంది వెకిలి మాటల కింద, ఒక కామెంట్ కనపడింది. సొంత పేరు, సొంత ఫోటో, ఫోటోలో వెనక చర్చి గోడ. "వందనాలు అమ్మా. పార్కింగ్ ఫ్రీయేనా? వ్యాన్ పడుతుందా?" అంతే. ఆ కామెంట్ తర్వాత మగవాళ్ళెవరూ అక్కడ నోరెత్తలేదు.

నేను జవాబివ్వకముందే ఆవిడే ఫోన్ చేశారు. "అమ్మాయ్, నేను కామెంట్ పెట్టినదాన్ని. పార్కింగ్ సంగతి చెప్పలేదేం నువ్వు?"

"ఫ్రీయే ఆంటీ. కానీ మీరు ఆ ప్రకటన మొత్తం చదివారా?"

"చదివా. కళ్ళజోడు పెట్టుకునే చదివా. తలుపు మీద బోర్డేమన్నా ఉందా?"

ఆవిడ అరోరాలో ఒక తెలుగు సంఘం పాస్టరుగారి భార్య. ఒంగోలు వైపు మనిషి. సంఘంలో అందరూ అమ్మగారు అంటారు. మాది కరీంనగర్, పూజలు చేసుకునే ఇల్లు, కాబట్టి నేను ఆంటీ అనేదాన్ని. ఆ పిలుపు ఆవిడకి కొత్త. "ఆంటీ అంటే ఏదో సినిమాలో పక్కింటావిడలా ఉంది, అయినా బానే ఉంది, పిలువు" అన్నారు. నా మాట తీరు కూడా ఆవిడకి సరదాగా ఉండేది. నేను "మంచిగున్నారా?" అని అడిగితే, "మంచిగున్నా, మస్తుగున్నా, చెప్పు" అనేవారు. మా ఊరి మాట అంత చెడగొట్టి మాట్లాడేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎవరినీ తీసుకురాకముందు ఆవిడ ఒక్కరే చోటు చూసుకోవడానికి వచ్చారు. నేత చీర మీద పాస్టరుగారి చలికోటు, కాళ్ళకి తెల్ల స్నీకర్స్. కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి అన్ని తలుపులూ చూశారు. "పళ్ళ డాక్టరు ఉన్నాడా? మంచిది. పళ్ళు అందరికీ ఉంటాయి" అన్నారు. మా తలుపు మీద ఆఫీసు నంబరు తప్ప ఏమీ లేదని చూసి తృప్తిపడ్డారు. లోపల వరసగా చిన్న గదులున్నాయి, ప్రతి గదిలోకీ వెళ్ళి కుర్చీలో కూర్చుని లేచారు. చివరికి నా బల్ల మీదున్న ప్రకటన చేతిలోకి తీసుకుని, ఆ పట్టుచీర మోడల్‌ని చూసి, "ఈ పిల్ల పెళ్ళికి పోతన్నట్టుంది. దీనికి ఒంట్లో ఏం బాలేదంట?" అని అడిగారు.

ఆ తర్వాతి గురువారం సంఘం వ్యాన్ మా పార్కింగ్‌లో ఆగింది. పాత వ్యాన్ అది. పక్క తలుపు ఒకసారి తోస్తే పడదు, రెండోసారి గట్టిగా తోయాలి. అందులోంచి ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగుతుంటే కిటికీలోంచి చూసిన నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. అందరినీ కూర్చోబెట్టి, రూలు ప్రకారం స్టడీ దేని గురించో చెప్పడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యేసరికి గది చల్లబడిపోయింది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ నెమ్మదిగా, "షుగర్ టెస్ట్ అన్నారండీ అమ్మగారు" అంది.

బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు అని చెప్పి వ్యాన్ ఎక్కించుకొచ్చారు పాస్టరమ్మగారు. అందరూ మర్యాదగా నా టీ తాగి, మళ్ళీ వ్యాన్ ఎక్కి, ఇండియన్ స్టోర్‌కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు, కోపంగా. "అంత విప్పి చెప్పాలా ఏంది? కూర్చున్నాక మెల్లగా చెప్తే పోయేది గదా."

"అట్ల కాదు ఆంటీ. తెలియకుండా కూర్చోబెడితే అది మోసం. దేనికొచ్చారో తెలిసి, ఇష్టమై కూర్చోవాలె. లేదంటే నాకు ఒక్కరు కూడా వద్దు."

"నేను మోసం చేశానంటన్నావా?"

ఆ మాటతోనే ఆవిడ ఫోన్ పెట్టేశారు. ఆ వారమంతా మాటల్లేవు. ఇక తెలుగు భాగం ఆగిపోయినట్టేననుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం ఒక మెసేజ్ వచ్చింది. "ఈ సాయంత్రం ప్రేయర్ లైన్‌లోకి రా. ప్రార్థన చెయ్యక్కర్లా. విను చాలు." ఆ లైన్ సంగతి అప్పటికి నాకు తెలియదు. వారం వారం ఆ సంఘం ఆడవాళ్ళందరూ ఫోన్లో కలుస్తారు. ఒక్కొక్కరు తమ మనవి చెబుతారు, పాస్టరమ్మగారు దానికోసం ప్రార్థన చేస్తారు. నేను వంటింట్లో ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి, మ్యూట్ చేసి, చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నాను. ఒకరికి మొగుడి ఉద్యోగం, ఒకరికి వీసా స్టాంపింగ్, ఒకరికి పిల్లవాడి పరీక్ష. మధ్యమధ్యలో ఎవరో ఒకరు, "నాకొక మనవి ఉందమ్మగారూ, చెప్పలేనిది" అనేవారు. ఆవిడ ఏమిటని అడిగేవారు కాదు. "నీకు తెలుసు ప్రభువా" అని అంతే శ్రద్ధగా, అంతే సేపు ప్రార్థన చేసేవారు. ఆ చెప్పలేని మనవులు ఆ ఒక్క సాయంత్రమే ఎన్ని విన్నానో.

అన్నీ అయ్యాక ఆవిడ గొంతు సవరించుకున్నారు. "పోయిన గురువారం నేను మీకు అబద్ధం చెప్పాను. అది షుగర్ పరీక్ష కాదు. ఆడవాళ్ళ ఒంటి సంగతి, పడగ్గది సంగతి, నొప్పి సంగతి. ఆ అమ్మాయి అడుగుద్ది, మీరు చెప్పాల, నర్సు చూస్తది. అదీ పని. ఆ పని కావాలన్నవాళ్ళు ఫేస్‌బుక్‌లో దాని నంబరు ఉంది, దానికే చెప్పుకోండి, నాకు చెప్పొద్దు. అక్కర్లేనివాళ్ళు సంతకి రండి, కూరగాయలు తెచ్చుకుందాం. వ్యాన్ మాత్రం ఒకటే. దారిలో ఆ ఆఫీసు దగ్గర అందరం దిగుతాం, అందరం లోపలికి పోతాం, అందరం కలిసి బయటికొస్తాం. ఎవరికి పనుందో నేను అడగను. మీరు ఒకరినొకరు అడగొద్దు."

లైన్ మీద ఎవరో, "ఎన్నింటికి బయల్దేరతాం అమ్మగారూ?" అని అడిగారు. నేను చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని నిలబడి ఏడ్చాను.

అదే గురువారం వ్యాన్. అప్పట్నుంచి వారానికి ఒక్క అపాయింట్‌మెంట్, ఒక్కోసారి రెండు, ఆ వ్యాన్ వచ్చే సమయానికే పెట్టేదాన్ని. వచ్చినవాళ్ళందరికీ ఒక్కో గది ఇచ్చేదాన్ని. నేను ప్రతి గదిలోకీ వెళ్ళి తలుపేసుకునేదాన్ని. ఒక గదిలో ప్రశ్నలు, మిగతా గదుల్లో టీ, పాత పత్రికలు, ఫోన్ ఛార్జర్. నర్సు కూడా అన్ని గదులకీ తిరిగేది. పని ఉన్నావిడది పూర్తయ్యేదాకా అందరూ ఉండేవాళ్ళు, అందరూ ఒకేసారి బయటికొచ్చేవాళ్ళు. స్టడీలో చేరినవాళ్ళకి మేము ఒక గిఫ్ట్ కార్డు ఇస్తాం, ఒక గుడ్డసంచిలో పెట్టి. ఏ పేరూ ఏ బొమ్మా లేని వంకాయ రంగు సంచి. మొదటి వారమే పాస్టరమ్మగారు దాన్ని చూసి, "అందరికీ ఇయ్యి" అన్నారు. అప్పట్నుంచి అందరూ అదే సంచితో బయటికొచ్చేవారు. కొన్నిట్లో కార్డు, కొన్నిట్లో చేతులకి రాసుకునే క్రీము. పాస్టరమ్మగారు కూడా ప్రతి గురువారం కారిడార్ చివర, పార్కింగ్ వైపు కిటికీ ఉన్న గదిలోకి వెళ్ళేవారు, ప్రతిసారీ సంచి పట్టుకుని వచ్చేవారు. కొన్నాళ్ళకి అరోరా ఇండియన్ స్టోర్‌లో ఎక్కడ చూసినా వంకాయ రంగు సంచులే, కరివేపాకు బయటికి కనపడుతూ.

తెలుగు భాగం ఆగలేదు. ఆ పట్టుచీర ఫోటో గురించి ఆవిడ అడిగింది మాత్రం నా మనసులోంచి పోలేదు, "మరి మోడల్ బదులు ఏం పెట్టమంటారు ఆంటీ?" అని అడిగాను. "తోవ చూపించు" అన్నారు. తనే ఫోన్ పట్టుకుని వీడియో తీశారు. పార్కింగ్‌లో మొదలై, గాజు తలుపు, లిఫ్ట్, కారిడార్, పళ్ళ డాక్టరు తలుపు దాటి మా తలుపు, లోపల కుర్చీ. ఆవిడ ముఖం ఎక్కడా కనపడదు. చీర అంచు, తెల్ల స్నీకర్స్, గొంతు. "ఇదిగో లిఫ్టు, రెండో నంబరు నొక్కాల. ఇదిగో కుర్చీ. వెనక్కి వాలదు, భయం లేదు. గోడకి గడియారముంది. వెళ్ళిపోవాలనిపిస్తే తలుపు ఇదే." స్టడీ దేని గురించో నేను కింద తెలుగులో స్పష్టంగా రాశాను, అది లేకుండా పెట్టనని ముందే చెప్పాను. ఈసారి ఆవిడ వాదించలేదు. యూనివర్సిటీలో అనుమతులిచ్చే కమిటీ ఆ వీడియోకి అనువాదం అడిగి, చదివి, గడియారం గురించి ఎందుకు చెప్పారో మాత్రం అర్థం కాలేదని రాసింది. ఆ వీడియో ఫోన్ల మీద ఎక్కడెక్కడికో పోయింది. రెడ్‌మండ్ నుంచి ఒకమ్మాయి, "మా దగ్గర ఇలాంటిది లేదా అండీ? ఆ ఆంటీ మా వైపు రారా?" అని అడిగింది. ఆ సంగతి చెబితే పాస్టరమ్మగారు, "విమానం ఎక్కితే వ్యాన్ ఎవరు నడుపుతారు?" అన్నారు, నిజంగానే ఆలోచిస్తూ.

ఆవిడ ఎందుకింత పట్టించుకున్నారని ఒకసారి అడిగాను. గులాబీ పువ్వులనే పిండివంట డబ్బా మూత తీస్తూ చెప్పారు. ప్రతి గురువారం ఏదో ఒకటి వండి తెచ్చేవారు, ఎక్కువగా అవే, మా ప్రొఫెసర్‌కి కూడా అలవాటు చేసేశారు. "ఇన్నేళ్ళుగా చెప్పలేని మనవులకి ప్రార్థన చేస్తన్నా. దేవుడు వింటాడు, కాదనను. కానీ వాటిల్లో సగానికి డాక్టరు చాలు తల్లీ. ఆయన్ని ఊరికే ఎందుకు ఇబ్బంది పెట్టడం?" ఇంకోసారి, మొదటిసారి వచ్చి వణికిపోయిన ఒకావిడ నవ్వుతూ వెళ్ళాక, "సిగ్గు మనిషికి ఉండదమ్మాయ్, గడపకి ఉంటది. దాటిచ్చామా, అయిపోయింది" అన్నారు. ఆవిడ మాటల్లో నాకు ఎక్కువ గుర్తొచ్చేది మాత్రం ఇంకొకటి. ఎవరికి పనుందో నిజంగానే మీకు తెలుసుకోవాలనిపించదా అంటే, "అనిపిస్తది. నేనూ మనిషినే గదా. అడగకుండా ఉండటం కూడా సాయమే" అన్నారు.

ఇదంతా సాఫీగా జరిగిపోలేదు. సంఘపెద్దల్లో ఒకాయన ఆవిడ ఫేస్‌బుక్ కామెంట్‌ని స్క్రీన్‌షాట్ తీసి పాస్టరుగారికి పంపారు, అమ్మగారి పేరు ఇలాంటి చోట కనపడటం బాగుండదేమో ఆలోచించమని. పాస్టరుగారు ప్రసంగంలో తప్ప ఎక్కడా ఎక్కువ మాట్లాడని మనిషి. ఆ ఆదివారం ప్రకటనలు చదువుతూ, పాట్‌లక్ భోజనాల సంగతీ పిల్లల క్లాసు సంగతీ చెప్పి, చివర్లో, "గురువారం వ్యాన్ పదింటికి బయల్దేరుతుంది. సీట్లున్నాయి" అని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారట. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మా పెళ్ళప్పుడు కూడా ఆయన నన్ను గురించి అంత మంచి మాట చెప్పలా" అన్నారు.

ఆవిడ పక్కన కూర్చుని ఒకసారి అరోరా దాకా వెళ్ళాను. డ్రైవింగ్ అమెరికా వచ్చాకే, పిల్ల కాలేజీకి వెళ్ళిపోయాక నేర్చుకున్నారట. కుడివైపు లేన్ వదలరు. జీపీఎస్ తిరగమన్నప్పుడల్లా, "ఆగమ్మా, నాకు తెలుసులే" అని దానికి మర్యాదగా చెప్పి నేరుగా పోయేవారు. ఎగ్జిట్ తప్పిపోయి, ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య తేలాం. ఆవిడకి ఏ కంగారూ లేదు. వ్యాన్ పక్కకి ఆపి, ఫ్లాస్కులోంచి ఇద్దరికీ సొంఠి టీ పోసి, "ఇప్పుడు అడుగుదాం దాన్ని" అని జీపీఎస్ వైపు చూశారు. ఆ టీ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

మెమోరియల్ సర్వీస్ అయ్యాక కింద హాల్లో కాఫీ ఇస్తున్నారు. కుర్చీల వెనక అక్కడక్కడా వంకాయ రంగు సంచులు వేలాడుతున్నాయి. పాస్టరమ్మగారి అమ్మాయి నన్ను పక్కకి తీసుకెళ్ళింది. చిన్నప్పుడే ఇక్కడికొచ్చి ఇక్కడే పెరిగిన అమ్మాయి.

"అక్కా, అమ్మ క్లాజెట్ ఓపెన్ చేశా. ఈ బ్యాగ్స్ ఎన్ని ఉన్నాయో తెలుసా? మొత్తం షెల్ఫ్ అవే." గొంతు తగ్గించింది. "అంటే అమ్మ కూడా స్టడీలో ఉందా? అమ్మకి ఏదో పెయిన్ ఉందా? నాకు చెప్పలేదు అమ్మ. నీకు చెప్పిందా?"

"చెప్పలేనురా."

"వివరాలు వద్దు. అవునా కాదా, అంతే."

"అది కూడా చెప్పలేను."

"నేను అమ్మ డాటర్‌ని అక్కా."

"తెలుసు" అన్నాను. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి, ఏమీ దొరక్క, కాఫీ బల్ల దగ్గరికి వెళ్ళి ఎవరూ అడగని కాఫీలు పోయడం మొదలుపెట్టింది.

ఆ క్షణంలో నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది. అవునన్నా కాదన్నా ఆ పిల్ల మనసు ఎంతో కొంత కుదుటపడేది. కానీ ఆ సంచులవాళ్ళు మా ఇద్దర్నీ చూస్తున్నారు. ఏం అడిగిందో వాళ్ళకి తెలియకపోయినా, ఏం అడిగి ఉంటుందో తెలుసు. పోయిన తల్లి సంగతి కూతురికి చెప్పేస్తే, రేపు తమ సంగతి తమ కూతుళ్ళకి చెప్పనని వాళ్ళకి నమ్మకమేమిటి? అంతకు ముందు రోజే ఒకావిడ నాకు మెసేజ్ పెట్టింది. "అమ్మగారు లేరు కదండీ. ఒక్కదాన్నే అయితే రాలేను. గురువారంది క్యాన్సిల్ చేస్తారా?" చేయకుండా అలాగే ఉంచాను. మిగతావాళ్ళకి ఫోన్ చేసి రమ్మని అడగలేను, అడిగితే ఎవరో ఒకరు ఉన్నారని చెప్పినట్టే.

బుధవారం సాయంత్రం ప్రేయర్ లైన్‌లోకి వెళ్ళాను, ఎప్పట్లాగే మ్యూట్‌లో. ఆ లైన్ మీద ఎప్పుడూ వినని గొంతు వినపడింది. పాస్టరుగారు. "రేపు వ్యాన్ పదింటికి బయల్దేరుతుంది. మా అమ్మాయి నడుపుతుంది. ఎవరికి పనుందని అది అడగదు. నేను చెప్పాను" అన్నారు.

గురువారం అన్ని గదుల్లోనూ దీపాలు వేసి, టీ పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాను. పార్కింగ్ మూలల్లో ఇంకా కరగని మంచు నల్లగా మురికిగా ఉంది. వ్యాన్ వచ్చింది. పక్క తలుపు జరిగింది. ఒకరి తర్వాత ఒకరు దిగారు, ఎప్పటికంటే ఎక్కువమందే. పాస్టరమ్మగారి అమ్మాయి స్టీరింగ్ ముందే కూర్చుండిపోయింది. అందరికంటే పెద్దావిడ వెనక్కి వెళ్ళి ఆ అమ్మాయి వైపు అద్దం మీద కొట్టి ఏదో చెప్పింది. "అమ్మగారు ఎప్పుడూ వ్యాన్‌లో కూర్చోలేదమ్మా, నువ్వు కూడా రావాల" అందని ఆవిడే తర్వాత నాకు చెప్పింది.

అందరికీ గదులిచ్చాను. ఆ అమ్మాయికి చివరి గది. ఒక్కో గదిలోకీ వెళ్ళి తలుపేసుకుంటూ చివరికి అక్కడికి చేరాను. ఆ అమ్మాయి కిటికీలోంచి వ్యాన్ వైపు చూస్తోంది.

"ఇక్కడ ఏం చెయ్యాలి?"

"ఊరికే కూర్చోవచ్చు. టీ తాగొచ్చు. ఏదన్నా చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు. వెళ్ళిపోవాలనిపిస్తే తలుపు అదే."

"అమ్మ ఏం చేసేది ఇక్కడ?" అంది, అని వెంటనే తల ఊపింది. "చెప్పవు. ఓకే."

పాస్టరమ్మగారు ఆ గదిలో నాతో ఏమైనా చెప్పారా, ఉత్తగా టీ తాగి పత్రికలు తిరగేశారా అన్నది ఇక్కడ కూడా రాయను. ఆ గురువారం వాళ్ళమ్మాయి ఏం చేసిందో కూడా రాయను.

అందరూ ఒకేసారి బయటికొచ్చారు. అందరి చేతుల్లోనూ సంచులు. ఆ అమ్మాయి చేతిలోనూ ఉంది. ఎవరో ఫ్లాస్కు మరిచిపోతే ఇవ్వడానికి నేను కిందికి వెళ్ళాను. అందరూ ఎక్కారు, ఆ అమ్మాయి ఒక్కతే తలుపు దగ్గర నిలబడి ఉంది. సంచి వైపు చూసి, లోపల కూర్చున్నవాళ్ళ ఒళ్ళో ఉన్న సంచుల వైపు చూసి, నా వైపు తిరిగింది.

"అక్కా, నా గురించి ఎవరైనా అడిగితే? మా హస్బెండ్ అడిగితే?"

"చెప్పలేనంటాను."

"నేను పోయాక నా కూతురు వచ్చి అడిగితే?"

"అప్పుడు కూడా."

ఆ అమ్మాయి కళ్ళు నిండిపోయాయి. "థాంక్స్ అక్కా" అంది, వాళ్ళమ్మ తరఫున అందో తన తరఫున అందో నేను అడగలేదు. సంచి భుజానికి తగిలించుకుని వ్యాన్ తలుపు తోసింది. పడలేదు.

"రెండోసారి గట్టిగా తోయాలమ్మా" అన్నారు లోపలున్నవాళ్ళు, అందరూ ఒక్కసారే.

రెండు చేతులతో తోసింది. తలుపు పడింది. వ్యాన్ మెల్లగా కదిలి, కుడివైపు లేన్ పట్టుకుని, కూరగాయలకి వెళ్ళింది.